ఎంటర్ నొక్కమనే ఆ వాక్యాన్ని తీసేయాలా?

ఫైళ్లు సవరించే విమ్ ఎడిటర్‌ను వాడినవారికి ఆ వాక్యం కంఠతా వచ్చి ఉంటుంది. తెర అడుగున ఉన్న ఒక్క వరుసలో పట్టని మాట ఏదైనా చెప్పాల్సి వస్తే, విమ్ మన ఫైలును కొంత పైకి నెట్టి, ఆ మాటను కింద పరిచి, "కొనసాగడానికి ఎంటర్ నొక్కండి, లేదా ఆదేశం టైపు చేయండి" అని రాసి ఆగిపోతుంది. మనం ఏదో ఒక కీ నొక్కేదాకా కదలదు. రోజంతా ఎడిటర్‌లోనే గడిపేవాళ్లం ఆ కీ ఎప్పుడు నొక్కామో కూడా గమనించం.

ఈ ఆగడం డిఫాల్ట్‌గా, అంటే మనం ఏ సెట్టింగూ మార్చకముందు ఉండే పద్ధతిగా, ఉండాలా, పోవాలా? సర్వర్లు చూసుకునే మా బృందంలో ఈ వాదన చాలాకాలంగా నడుస్తోంది. విమ్ నుంచి వేరుపడ్డ నియోవిమ్ ఎడిటర్‌లో సందేశాలు చూపే భాగాన్ని కొత్తగా రాసి 2025లో ప్రయోగాత్మకంగా చేర్చిన తర్వాత అది ఇంకా వేడెక్కింది. ఆ కొత్త పద్ధతిలో ఎంటర్ కోసం ఎదురుచూపు ఉండదు. పొడవైన సందేశం మామూలు విండోలో ఉంటుంది. అందులో కర్సర్‌తో తిరగవచ్చు, వెతకవచ్చు, కావలసిన ముక్కను నకలు తీసుకోవచ్చు. ప్రస్తుతానికి ఇది కావాలనుకున్నవారు ఆన్ చేసుకోవలసిన సౌకర్యం. కాలక్రమంలో ఇదే డిఫాల్ట్ కావాలన్నది దాన్ని రాసినవారి ఉద్దేశం.

నా మిత్రుడొకడు, నాతోపాటే రాత్రి షిఫ్టులు చేసేవాడు, ఇది పదేళ్ల కిందటే రావలసిందంటాడు. అతనికంటే పెద్దవారైన మరో సహోద్యోగి, ఆగని ఎడిటర్‌ను నమ్మలేమంటారు. నేను ఇద్దరితోనూ విభేదిస్తాను. ఆగాలా మాయం కావాలా అన్న ప్రశ్నకు సందేశాలన్నిటికీ కలిపి ఒకే జవాబు ఉండదు. చదవకపోతే ఏమి పోతుందో దాన్నిబట్టి ఒక్కో రకం సందేశానికి డిఫాల్ట్ నిర్ణయించాలి. ఆ నిర్ణయంలో మొదట తలచుకోవలసింది సెట్టింగులు మార్చుకునే వీలు లేని మనిషిని.

ముందు ఆ ఆగడం ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. విమ్‌లో సందేశాలకూ ఆదేశాలకూ కలిపి కేటాయించిన చోటు డిఫాల్ట్‌గా ఒకే ఒక్క వరుస. రెండు సందేశాలు వరసగా వచ్చినా, ఒకటే వచ్చి అది తెర వెడల్పును మించినా, చూపించడానికి ఫైలు పాఠం మీదికి ఎక్కక తప్పదు. ఆ తర్వాత తెరను మళ్లీ గీస్తే సందేశం చెరిగిపోతుంది. చెరిపే ముందు మనిషి చదివాడని తెలియాలి. అది తెలుసుకోవడానికి ఎడిటర్‌కు ఉన్న ఏకైక దారి ఒక కీ కోసం ఎదురుచూడటం. అంటే ఈ పద్ధతిలో మొండితనమేమీ లేదు. చోటు లేని తెరమీద, చెప్పిన మాట చెవిన పడకుండా పోకూడదన్న పట్టుదల ఉంది.

ఆ పట్టుదలలోని శ్రద్ధను నేను గౌరవిస్తాను. విమ్ సహాయ పత్రాల్లో ఒక చిన్న వివరం ఉంది. పొడవైన జాబితాను జె లేదా ఎఫ్ కీతో కిందికి జరుపుకుంటూ చివరికి వచ్చాక, చెయ్యి ఆగక అదే కీ ఇంకోసారి పడిందనుకోండి. ఆ కీని విమ్ పట్టించుకోదు. పట్టించుకుంటే అప్పటిదాకా తెరమీద ఉన్న సందేశాలు ఒక్కసారిగా మాయమవుతాయి కాబట్టి. వేలు ఒకసారి ఎక్కువ పడుతుందని ముందే ఊహించి, చదివేవాడి పక్షాన నిలబడ్డ నిర్ణయమది. 1991లో అమీగా కంప్యూటర్ల కోసం తొలిసారి విడుదల చేసిన నాటినుంచి 2023 ఆగస్టులో మరణించేదాకా బ్రామ్ మూలెనార్ ఈ ఎడిటర్‌ను పెంచిన తీరంతా ఇలాంటి చిన్న నిర్ణయాలతో నిండి ఉంది. వాటిని పాతకాలపు చాదస్తమని తీసిపారేసేవారితో నాకు పేచీ ఉంది.

అయితే పాతకాలం వెనక ఉన్న కారణాలు ఇప్పుడు లేవన్నదీ నిజమే. యూనిక్స్ తొలినాళ్ల ఎడిటర్ 'ఈడీ'లో తప్పు జరిగితే వచ్చేది ఒక ప్రశ్నార్థకం మాత్రమే. ఏమి తప్పో తెలియాలంటే చిన్న హెచ్ కొట్టి అడగాలి. ప్రతిసారీ వివరం కావాలంటే పెద్ద హెచ్ కొట్టాలి. కాగితంమీద అచ్చుకొట్టే టెర్మినళ్లమీద ఒక్కో అక్షరానికీ సమయం ఖర్చయ్యే రోజులవి. 1976 ప్రాంతంలో బర్కిలీలో బిల్ జాయ్ విమ్‌కు పూర్వరూపమైన వీఐ ఎడిటర్‌ను రాసేటప్పుడు వాడిన మోడెమ్ వేగం 300 బాడ్, అంటే సెకనుకు దాదాపు 30 అక్షరాలు. 24 వరుసలు, 80 నిలువు గడులున్న తెర నిండాలంటే 1,920 అక్షరాలు పంపాలి. ఒక నిమిషం పైన పడుతుంది. అలాంటి తెరను ఊరికే మళ్లీ గీయించడం పెద్ద ఖర్చు. అందుకే వీఐలో సందేశాలు పొదుపుగా ఉండేవి. ఇన్సర్ట్ మోడ్‌లో (కొట్టిన అక్షరాలు ఫైలులో చేరే స్థితిలో) ఉన్నామని తెర అడుగున చూపించడం కూడా డిఫాల్ట్‌గా ఆఫ్‌లోనే ఉండేది. విమ్ దాన్ని ఆన్ చేసింది. అదీ సందేశాల డిఫాల్ట్‌ను మార్చడమే. దాన్ని వెనక్కి తీసుకోమనేవారు ఈరోజు నాకు కనిపించరు.

కానీ ఆ 'ఈడీ'లోనే నా వాదనకు ఆధారం దొరుకుతుంది. మార్పులు భద్రపరచకుండా క్యూ కొట్టి బయటికి వెళ్లబోతే, ఆ మితభాషి కూడా ఒప్పుకోదు. ప్రశ్నార్థకం చూపించి ఆగుతుంది. రెండోసారి కొడితేనే వదులుతుంది. మిగతా చోట్ల ఒక్కో అక్షరాన్నీ పొదుపు చేసిన ఎడిటర్, పని పోయే చోట మాత్రం మనిషిని ఆపింది. పొదుపుకూ భద్రతకూ మధ్య గీత ఎక్కడ గీయాలో దాన్ని రాసినవారికి తెలుసు.

విమ్ ఎక్కువసార్లు ఆపేది ఎక్కడ? మా పనిలో అయితే ఫైలు పేర్లు పొడవుగా ఉన్నప్పుడు. సందేశాలను కత్తిరించే సెట్టింగు ఆన్‌లో లేని సర్వర్‌లో, ఎనిమిది ఫోల్డర్ల లోపల ఉన్న ఫైలును ఇరుకైన విండోలో భద్రపరిస్తే, పూర్తి దారి, వరుసల సంఖ్య, బైట్ల సంఖ్య, భద్రమైందన్న మాట అన్నీ కలిసి ఒక్క వరుసలో పట్టవు. అంతే, ఎంటర్ కొట్టాలి. ఎడిటర్‌కు అదనంగా తగిలించుకున్న ప్లగిన్ ఏదైనా తాను నిద్ర లేచానని రెండు వరుసల్లో చెప్పుకుంటే ఎంటర్ కొట్టాలి. బయటి ఆదేశం ఏమీ చూపించకుండా విజయవంతంగా ముగిసినా ఎంటర్ కొట్టాలి. వీటిని తగ్గించడానికి 'షార్ట్‌మెస్' అనే ఆప్షన్ ఉంది. ఒక్కో అక్షరం ఒక్కో రకం సందేశాన్ని కుదిస్తుంది, లేదా అసలు రానివ్వదు. దాని పట్టిక చదివితే డజనుకు పైగా అక్షరాలు కనిపిస్తాయి. ఇన్ని మినహాయింపులు అడగవలసి వచ్చిందంటేనే అసలు నియమం మనుషులను విసిగిస్తోందని అర్థం.

ఈ విసుగు ఏమి చేస్తుందో మా పనిలోనే చూశాం. ఒక సాయంత్రం షిఫ్టులోని వ్యక్తి ఒక సర్వర్‌లో కాన్ఫిగరేషన్ ఫైలును విమ్‌లో తెరిచి, రెండు వరుసలు మార్చి, భద్రపరచకుండానే టీమక్స్ సెషన్‌ను (మనం వెళ్లిపోయినా సర్వర్‌లో నడుస్తూ ఉండే టెర్మినల్‌ను) అలా వదిలి ఇంటికి వెళ్లారు. రాత్రి షిఫ్టులోని కుర్రాడు అదే ఫైలును తెరిచాడు. స్వాప్ ఫైలు (సవరణలో ఉన్న ఫైలు కోసం విమ్ పక్కన పెట్టుకునే తాత్కాలిక ఫైలు) ఉందని, ఇంకొకరు దీన్ని సవరిస్తూ ఉండవచ్చని తెరంతా పరుచుకుని హెచ్చరిక వచ్చింది. అక్కడ ఊరికే ఎంటర్ కొడితే విమ్ ఫైలును చదవడానికి మాత్రమే తెరుస్తుంది. చూడకుండా కొట్టే వేలికి కూడా సురక్షితమైన దారినే మొదటి ఎంపికగా పెట్టారు. ఆ కుర్రాడు ఎంటర్ కొట్టలేదు. 'అయినా సవరించు' అన్న అర్థం వచ్చే 'ఈ' అక్షరం కొట్టాడు. ఆ తెర వచ్చినప్పుడల్లా ఆ 'ఈ' కొట్టడం మాలో చాలామందికి అలవాటు. చేయవలసిన మార్పు చేశాడు, భద్రపరిచాడు, సేవ మళ్లీ నడిచింది. మర్నాడు మొదటి వ్యక్తి తన సెషన్‌కు తిరిగొచ్చి భద్రపరచబోతే విమ్ మళ్లీ ఆపింది. చదివిన తర్వాత ఈ ఫైలు మారిందని మూడు ఆశ్చర్యార్థకాలతో చెప్పి, నిజంగానే రాయమంటారా అని అడిగింది. అక్కడ ఎంటర్ పనిచేయదు, అవునో కాదో చెప్పే అక్షరమే కావాలి. ఆయన అవునన్నారు. రాత్రి చేసిన మార్పు పోయింది, మధ్యాహ్నానికి సేవ ఆగిపోయింది.

ఈ సంఘటన గురించి మాట్లాడుకున్నప్పుడు నా మిత్రుడు అన్న మాటకు నా దగ్గర పూర్తి ఖండన లేదు. "ఎడిటర్ ఆగింది కదా, ఒకసారి కాదు, రెండుసార్లు ఆగింది. ఇద్దరూ దాటేశారు. మరి ఆగడం వల్ల ఏమి ఒరిగింది?" అన్నాడు. పెద్దాయన వెంటనే, ఆగకపోయి ఉంటే అసలు ఏమి జరిగిందో ఎవరికీ తెలిసేది కాదన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. అయితే ఆ ఇద్దరు ఉద్యోగులూ ఆ హెచ్చరికలను ఎందుకు దాటేశారన్నది ఎవరూ అడగలేదు. ఆరోజు ఉదయం నుంచి వారి చేతులు ఎన్నో పనికిమాలిన ఆగుళ్లను దాటుకుంటూ వచ్చాయి. ఫైలు భద్రమైందన్న కబురూ ఆపుతుంది, ఇంకొకరి పని చెరిగిపోబోతోందన్న కబురూ ఆపుతుంది. రెండూ అదే చోట, అదే తెరమీద, చాలావరకు ఒకే రూపంలో. నాన్నా పులి కథలో కుర్రాడి కేకకు విలువ ఎలా పోయిందో, ఈ ఆగుడికీ అలాగే పోయింది.

కాబట్టి అల్పమైన ఆగుళ్లను తీసేయడం సౌకర్యం కోసం మాత్రమే అనుకోవడం పొరపాటు. అవి ఉన్నంతకాలం ముఖ్యమైన ఆగుడు పనిచేయదు. నియోవిమ్ కొత్త పద్ధతిని నేను సమర్థించేది ఈ కారణంతోనే. ఆదేశం ఫలితం, జాబితా, భద్రమైందన్న సమాచారం, ప్లగిన్ పలకరింపులు, ఇవేవీ మనిషి చేతిని పట్టి ఆపకూడదు. చదవాలనుకున్నప్పుడు దొరకాలి, అంతే. పాత పద్ధతిలో సందేశాల పేజీని మళ్లీ చూడటానికి ఉన్న సదుపాయం చాలామందికి తెలియదు, తెలిసినా అందులోంచి ఒక దోషం పాఠాన్ని నకలు తీసుకోవడం తలనొప్పి. మామూలు బఫరులో, అంటే తెరిచిన ఫైలులాంటి పాఠంగా, ఉంటే ఆ బాధ లేదు.

ఇలా ఆగకుండానే ఉపయోగపడే సందేశానికి ఒక మంచి ఉదాహరణ, వెతికేటప్పుడు ఎన్నింటిలో ఎన్నోదాని దగ్గర ఉన్నామో చూపే చిన్న లెక్క. విమ్ 8.1 కాలంలో, 2019లో వచ్చిందిది. మొదట్లో 99 దాటితే లెక్క ఆపి, అంతకంటే ఎక్కువని మాత్రం చూపేది. విమ్ దాన్ని డిఫాల్ట్‌గా దాచింది, నియోవిమ్ డిఫాల్ట్‌గా చూపిస్తుంది. ఇక్కడ నియోవిమ్‌దే సరైన నిర్ణయమని నా అభిప్రాయం. అది దారికి అడ్డం రాదు, చోటు ఆక్రమించదు, చూడకపోతే పోయేదేమీ లేదు.

ఈమాక్స్ అనే మరో ఎడిటర్ వాడేవారు ఈ గొడవంతా చూసి ఆశ్చర్యపోతారు. అక్కడ సందేశం తెర అడుగున కనిపిస్తుంది, తర్వాతి కీ నొక్కగానే పోతుంది, కానీ సందేశాల బఫరులో నమోదై ఉంటుంది. డిఫాల్ట్‌గా 1,000 వరుసలు. మామూలు సమాచారం ఎవరినీ ఆపదు. పని పోయే చోట మాత్రం ఈమాక్స్ విమ్ కంటే గట్టిగా పట్టుకుంటుంది. మనం తెరిచిన తర్వాత డిస్కుమీద ఫైలు మారి ఉంటే, భద్రపరిచే ముందు అవునా కాదా అని అడుగుతుంది. ఒక్క అక్షరం సరిపోదు, 'అవును' అన్న ఇంగ్లీషు మాటను మూడు అక్షరాలూ టైపు చేసి ఎంటర్ కొట్టాలి. ఇది చాలామందికి చిరాకు. దాన్ని ఒక్క అక్షరానికి కుదించే చిట్కాను దశాబ్దాలుగా ఒకరి కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైలు) నుంచి ఇంకొకరు నకలు చేసుకున్నారు. 2022లో వచ్చిన 28వ వెర్షన్ అందుకు అధికారికంగానే ఒక ఆప్షన్ ఇచ్చింది. కానీ డిఫాల్ట్ మారలేదు. మారకపోవడమే మంచిది. మా మొదటి వ్యక్తి ఆ ఉదయం ఈమాక్స్‌లో ఉండి ఉంటే, మూడక్షరాలు టైపు చేసే ఆ కొద్ది సమయంలోనైనా ఫైలును ఎవరు మార్చారన్న ప్రశ్న మనసులో మెదిలేదేమో.

ఈమాక్స్‌లోనే ఇంకో విచిత్రమైన డిఫాల్ట్ ఉంది. తెరవగానే, గ్నూ ఈమాక్స్ గురించీ గ్నూ వ్యవస్థ గురించీ తెలుసుకోవడానికి ఏ కీలు నొక్కాలో చెప్పే ఒక వాక్యం అడుగున వస్తుంది. దాన్ని ఆపడానికి ఒక చరరాశి ఉంది. దానికి మామూలుగా అవును అని విలువ ఇస్తే పనిచేయదు. మన లాగిన్ పేరునే అక్షరాలా రాయాలి. మన కాన్ఫిగ్ ఫైలును ఇంకొకరు నకలు చేసుకుంటే, వారి లాగిన్ పేరు వేరు కాబట్టి వారికి ఆ వాక్యం కనిపిస్తూనే ఉంటుంది. ఎవరికి వారు తమ కోసం ఆపుకోవచ్చు, ఇంకొకరి తరఫున ఆపలేరు. ఇది అతి అని చాలామంది అంటారు. గ్నూ చెప్పే సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ గురించిన మాట ప్రతి కొత్త మనిషికీ కనీసం ఒక్కసారి చేరాలన్న పట్టుదల అందులో ఉంది. ఇంత పట్టుదలను ఒక ప్రచార వాక్యానికి వాడటం సరైనదా అన్నదానిపై నాకు సందేహం ఉన్నా, డిఫాల్ట్ ఎవరి కోసమో దాన్ని రాసినవారికి స్పష్టంగా తెలుసు.

"నచ్చకపోతే మార్చుకో, సెట్టింగు ఉంది కదా" అన్న మాటను నేను అంగీకరించలేనిది ఇక్కడే. ఆ మాట అనేవారంతా తమ సొంత లాప్‌టాప్‌ను దృష్టిలో పెట్టుకుని మాట్లాడతారు. హైదరాబాదులో కూర్చుని, అమెరికాలో పగలైనప్పుడు మేలుకుని ఉండి, కస్టమర్ సర్వర్‌లోకి లాగిన్ అయ్యే వేలమంది సంగతి వేరు. అక్కడ నా కాన్ఫిగ్ ఫైలు ఉండదు. పెట్టడానికి అనుమతీ ఉండదు. చాలాచోట్ల పూర్తి విమ్ కూడా ఉండదు. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్‌లో కుదించిన విమ్-టైనీ, రెడ్ హ్యాట్ కుటుంబంలో విమ్-మినిమల్ మాత్రమే దొరుకుతాయి. ఆ ఖాతా నలుగురిదీ. అర్ధరాత్రి, ఫోనులో మరోవైపు ఎవరో ఎదురుచూస్తుండగా, ఏమి ఆగుతుందో ఏమి మాయమవుతుందో నిర్ణయించేది డిఫాల్ట్ ఒక్కటే. సెట్టింగు మార్చుకోగలవాడికి డిఫాల్ట్ ఒక చిన్న అసౌకర్యం. మార్చుకోలేనివాడికి అదే మొత్తం ఎడిటర్.

డిఫాల్ట్ మారితే లోకం తలకిందులు కాదనడానికి నానో ఎడిటర్ మంచి నిదర్శనం. ఒకప్పుడు అది పొడవైన వరుసలను టైపు చేస్తుండగానే విరగ్గొట్టేది. కాన్ఫిగరేషన్ ఫైళ్లను అలా విరగ్గొడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. తెలిసినవాళ్లు ప్రతిసారీ దాన్ని ఆపే ఆప్షన్‌తోనే తెరిచేవారు, తెలియనివాళ్లు దెబ్బ తిన్నాకే నేర్చుకునేవారు. 2019లో వచ్చిన 4.0 వెర్షన్‌లో ఆ ప్రవర్తన డిఫాల్ట్‌గా ఆగిపోయింది. మెయిళ్లు రాసుకునే పాతవారికి కొంత ఇబ్బంది కలిగి ఉంటుంది. కానీ రక్షణ కావలసినవారికి అది దొరికింది.

విమ్ వైపు ఇలాంటి మార్పులు చాలా జాగ్రత్తగా వస్తాయి. 2016లో 8.0 వెర్షన్ కొత్త డిఫాల్ట్‌లను తెచ్చినప్పుడు, సొంత కాన్ఫిగ్ ఫైలు లేనివారికి మాత్రమే అవి వర్తించేలా చేశారు. పాతవారి ఏర్పాటు చెక్కుచెదరలేదు. దాని దుష్ఫలితం కూడా ఉంది. కొత్తగా నేర్చుకునేవారు ఉత్సాహంగా ఒక్క వరుస కాన్ఫిగ్ రాసుకోగానే అప్పటిదాకా ఉన్న రంగులు, సౌకర్యాలు ఒక్కసారిగా పోతాయి. ఎందుకో వారికి అర్థం కాదు. అయినా ఆ దారి ఎంచుకోవడంలో ఉన్న న్యాయం నాకు అర్థమవుతుంది. ఇరవై ఏళ్ల అలవాటును వాడుకరిని అడగకుండా మార్చకూడదన్నది ఒక మర్యాద.

బ్రామ్ తర్వాత క్రిస్టియన్ బ్రబాంట్ సారథ్యంలో సాగుతున్న విమ్, 2024 చివర్లో సందేశాల కోసం ఒక కొత్త ఆప్షన్ చేర్చింది. ఎంటర్ కోసం ఆగాలా, లేక ఇన్ని మిల్లీసెకన్లు చూపించి ముందుకు సాగాలా అన్నది దానితో ఎంచుకోవచ్చు. ఎన్ని పాత సందేశాలు దాచుకోవాలో కూడా అందులోనే చెప్పవచ్చు. డిఫాల్ట్ మాత్రం ఆగడమే, 500 సందేశాల చరిత్రతో. డిఫాల్ట్‌ను కదపకపోవడం సరైన పని. కానీ ఆ రెండో దారి, గడియారం పెట్టి చూపించే దారి, ఎప్పటికీ ఎక్కడా డిఫాల్ట్ కాకూడదు. మూడు సెకన్లు చాలునని ఎవరు నిర్ణయిస్తారు? ఆ సందేశాలను మనం చదివేది ఇంగ్లీషులో. ఇంగ్లీషు మాతృభాష అయినవాడు ఒక చూపులో పట్టే రెండు వరుసల హెచ్చరికను, తెలుగు మాధ్యమంలో చదివి ఉద్యోగంలోకి వచ్చిన కుర్రాడు రెండుసార్లు చదువుతాడు. ఇది తెలివికి సంబంధించిన విషయం కాదు, రెండో భాషలో చదివే ఎవరికైనా అంతే. మా బృందంలో కొత్తవారిని చూస్తూ ఉంటాను. నాకు అలవాటైన వాక్యాలు నాకు బొమ్మల్లా కనిపిస్తాయి, వారు మాట మాటా చదువుతారు. వారి కళ్లముందే చెరిగిపోయే హెచ్చరిక అవమానంలాంటిది. తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో పనిచేసే అంధులకు ఇది మరీ అన్యాయం. వెబ్ సైట్ల అందుబాటుకు సంబంధించిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో, సమయ పరిమితి ఉంటే దాన్ని ఆపుకునే, పెంచుకునే వీలు వాడుకరికి ఉండాలన్న నియమం ఎప్పటినుంచో ఉంది. ఎడిటర్లు దీన్ని వెబ్ నుంచి నేర్చుకోవడంలో నామోషీ ఏమీ లేదు. ఎంటర్ కోసం ఆగే పాత పద్ధతిలో ఎన్ని లోపాలున్నా, చదివేవాడి వేగాన్ని అది ఎన్నడూ కొలవలేదు.

ఇక నియోవిమ్‌తో నా అసలు తగాదా. స్వాప్ ఫైలు హెచ్చరిక గురించి పైన చెప్పాను. ఇప్పటి నియోవిమ్‌లో, ఆ స్వాప్ ఫైలు ఇంకా నడుస్తున్న మరో నియోవిమ్‌దే అయితే, ఆ తెరే రాదు. ఫైలు నేరుగా సవరణకు తెరుచుకుంటుంది. స్వాప్ ఫైలును పట్టించుకోవడం లేదని ఒక్క వరుస సందేశం వచ్చి ఊరుకుంటుంది. దీని వెనక తర్కం ఉంది. ఒకే మనిషి తన కంప్యూటర్‌లో రెండు విండోల్లో ఒకే ఫైలును తెరవడం మామూలు. డిస్కుమీద ఫైలు మారితే, మనవైపు మార్పులేవీ లేనప్పుడు దాన్ని మళ్లీ చదివే సౌకర్యం కూడా నియోవిమ్‌లో డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. అలాంటప్పుడు ప్రతిసారీ తెరనిండా హెచ్చరిక ఎందుకన్నది వారి ప్రశ్న.

నా జవాబు: రెండు విండోలూ ఒకే మనిషివి అన్న ఊహ తప్పినప్పుడు నష్టపోయేది ఆ ఊహ చేసినవారు కాదు. నలుగురూ వాడే ఖాతాలో, టీమక్స్ సెషన్లు రోజుల తరబడి బతికే సర్వర్‌లో, నడుస్తున్న ఆ మరో నియోవిమ్ నాది కాకపోవచ్చు. స్వాప్ ఫైలు ఎప్పుడో చచ్చిన ప్రక్రియదైతే పోయేది నా పాత పని. బతికి ఉన్న ప్రక్రియదైతే ప్రమాదంలో పడేది ఇంకొకరి పని. ఆగవలసింది ఆ రెండో సందర్భంలోనే ఎక్కువ. సరిగ్గా అక్కడే ఆగడం తీసేశారు. భద్రపరిచేటప్పుడు ఫైలు మారిందన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉందని నా మిత్రుడు గుర్తుచేస్తాడు. అవును, మిగిలి ఉంది. కానీ అప్పటికి ఇద్దరూ గంటసేపు పని చేసేసి ఉంటారు. ఎవరిదో ఒకరిది పోవాలి, లేదా కూర్చుని కలపాలి. తెరిచేటప్పుడే అడిగి ఉంటే ఒక ఫోన్ కాల్‌తో పోయేది.

మార్చే పద్ధతి గురించి కూడా ఒక మాట. ఎంటర్ కోసం ఆగడం పోతే పాతవారి వేళ్లు ఊరికే ఉండవు. బయటి ఆదేశం నడిపాక అలవాటుగా కొట్టే ఎంటర్ ఇప్పుడు కర్సర్‌ను ఒక వరుస కిందికి దింపుతుంది. స్పేస్ ఒక అక్షరం పక్కకు జరుపుతుంది. చేత్తో కొట్టినప్పుడు అది కంటికి కనిపిస్తుంది కాబట్టి పెద్ద నష్టం లేదు. కానీ చాలామంది తమ షార్ట్‌కట్‌లలో, ఆగుడును దాటడానికే చివర ఇంకో ఎంటర్ అదనంగా రాసిపెట్టుకున్నారు. ఆ షార్ట్‌కట్ తర్వాత ఇంకో ఆదేశం ఉంటే, అది తప్పుడు వరుసమీద పనిచేస్తుంది. ఎక్కడా దోషం కనిపించదు, ఫైలులో మాత్రం వేరే వరుస మారి ఉంటుంది. ఇలాంటి వాటిని పట్టుకోవడం చాలా కష్టం. అందువల్ల కొత్త పద్ధతిని డిఫాల్ట్ చేసే ముందు కనీసం ఒక విడుదల కాలమైనా రెండూ పక్కపక్కన ఉండాలి, విడుదల పత్రంలో మొదటి వరుసలోనే ఈ అదనపు ఎంటర్ సంగతి చెప్పాలి. కావాలనుకున్నవారికి మాత్రమే అన్న ప్రస్తుత దశను తొందరపడి ముగించకూడదు.

విమ్, నియోవిమ్ ఒకే దారిలో నడవాలని నేను కోరుకోను. 2014లో థియాగో డి అరుడా నియోవిమ్‌ను వేరు చేసినప్పటినుంచీ వాటి బాధ్యతలు వేరయ్యాయి. ముక్కూ మొహం తెలియని సర్వర్‌లోకి వెళ్లినప్పుడు అక్కడ ఉండేది విమ్, లేదా దాని కుదించిన రూపం. అది నిన్నటిలాగే ప్రవర్తించాలి. నియోవిమ్‌ను సాధారణంగా మనం కోరి తెచ్చుకుంటాం. ప్రయోగాలు అక్కడ జరగడం సబబు. అందుకే విమ్ కదలకపోవడాన్ని, నియోవిమ్ కదలడాన్ని, రెండింటినీ ఒకే నోటితో సమర్థించడంలో నాకు వైరుధ్యం కనిపించదు.

మా బృందంలో ప్రస్తుతానికి ఒక ఏర్పాటుకు వచ్చాం. మా చేతిలో ఉన్న యంత్రాల్లో, అందరికీ వర్తించే నియోవిమ్ కాన్ఫిగ్‌లో కొత్త సందేశాల పద్ధతిని ఆన్ చేశాం. స్వాప్ ఫైలును దాటవేసే ఆ డిఫాల్ట్ ఆటోకమాండ్‌ను (ఫలానా సందర్భంలో తనంతట తానే నడిచే ఆదేశాన్ని) తీసేశాం, కాబట్టి పాత పెద్ద తెర మళ్లీ వస్తుంది. నా మిత్రుడు రెండో మార్పుకు ఇంకా ఒప్పుకోలేదు. తన సొంత ఖాతాలో దాన్ని తిరిగి పెట్టుకున్నాడు, అది అతని హక్కు. పెద్దాయన మొదటి మార్పుకు ఒప్పుకోలేదు, ఆయన విమ్‌లోనే ఉన్నారు. ఉమ్మడి ఖాతాలో ఏది ఉండాలన్నదానిపై మాత్రం వాదన సాగుతూనే ఉంది. అక్కడ నేను ఒక్క మెట్టు కూడా దిగదలచుకోలేదు.